కారం తగ్గించని సుబ్బక్క

ఎవరింట్లోనైనా ఎండుమిరపకాయలు వేయించే ఘాటు ముక్కుకు తగిలితే చాలు, దగ్గుకన్నా ముందు నా చెయ్యి చొక్కా కాలరు మీదికి పోతుంది. అది ఒకప్పుడు సుబ్బక్క పట్టుకున్న కాలరు.

ఎనభైల్లో నేను బెంగళూరు దగ్గరి చింతామణి ఊళ్లో ఒక చిన్న ల్యాబులో రక్తపరీక్షలు చేసేవాణ్ణి. బస్టాండు వెనక సుబ్బక్క మెస్సు. రాగిసంగటి, పప్పు, శెనక్కాయల ఊరుబిండి. ఆ పచ్చడికి లారీ డ్రైవర్లు కూడా కళ్లు తుడుచుకుంటూనే మళ్లీ వేయించుకునేవాళ్లు. కారం ఎక్కువైందని ఎవరైనా అంటే ఆమెకు పూనకమే.

ఒక మధ్యాహ్నం నేనే అన్నాను. "అక్కా, నోరు మండిపోతాండాది. మిరపకాయలు ఎక్కువేసినావు."

"నిన్నటి కొలతే కదప్పా!" అని, వరసలో కూర్చున్నవాళ్లను అడిగింది. "మీకు మండతాండాదా?" ఆరుగురూ లేదన్నారు. పచ్చడి గెలిచింది. అంతటితో వదిలితే ఆమె సుబ్బక్క ఎందుకవుతుంది! టార్చి తెచ్చి, "నోరు తెరువు" అంది.

దవడలో పొగాకు పెట్టుకునే అలవాటు నాది. లోపల తెల్లమచ్చ ఉందని నెలరోజులుగా నాకు తెలుసు. ఊరందరి జబ్బులూ చూసే నాకు, నాది చూపించుకోవాలంటే భయం.

ఆ మచ్చ చూసి ఆమె టార్చి ఆర్పేసింది. "మా ఆయన గూడా ఇట్లే మంట అన్న్యాడప్పా. కొట్లాడి, కొట్లాడి, కడాకు కారం తగ్గిస్తిని. తప్పు కారానిది కాదని తెలిసేసరికి ఆయన లేడు."

మర్నాడు మెస్సుకు తాళం. నా కాలరు పట్టుకుని బెంగళూరు బస్సెక్కించింది. కండక్టరు మొదలు కోళ్లబుట్ట ముసలాయన దాకా అందరికీ నా నోరు చూపించింది. "తెరువప్పా, సిగ్గేమి!" పెద్దాసుపత్రిలో మచ్చలోంచి ముక్క తీసి పరీక్షించారు. "ఇంకా క్యాన్సర్ కాలేదు, ఆ దారిలో ఉంది" అని డాక్టరు మచ్చంతా తీసేసి, పొగాకు మాన్పించాడు. తిరిగొచ్చాక, ఆ రోజు పస్తున్న, మెస్సులో తినేవాళ్లందరూ నన్నే తిట్టారు.

మొన్న మా మేనకోడలు తన కాలేజీలో బయోసెన్సర్ అని ఒక చిన్న పట్టీ చూపించింది. ఉమ్ము చుక్క వేస్తే నోటి క్యాన్సర్‌ను ముందే పసిగట్టేలా తయారు చేస్తున్నారట. భలే సంతోషం వేసింది.

"ఈ పట్టీ చెప్పినాక బస్సెక్కించేది ఎవరమ్మా?" అన్నాను.

"అది మనుషులే చెయ్యాల మామా" అని నవ్వింది.

ఈనాటికీ నా ఎదుట ఎవరైనా నోరు మండుతోందంటే, నేను పచ్చడిని ఏమీ అనను. లేచి టార్చి తెస్తాను.