ముసుగు డిటెక్టివ్ కొత్త భాగం

ఆ కరువు ఏడాది, గుత్తి నుంచి అనంతపురం వచ్చే ప్యాసింజరు బండిలో ముసుగు డిటెక్టివ్ నవల కొత్త భాగం చదువుకుంటున్నాను. నెలకొక భాగం వచ్చేది. ఎదురుగా కూర్చున్న నడివయసు ఆమె అట్టమీది బొమ్మను గుర్తుపట్టింది.

"ఆ ముసుగాయప్ప బతికినాడాప్పా? బావిలో పడితే మీద మట్టి కూలింది గదా. మా కొడుకు ఆడిదాకా చదివి వినిపించినాడు. వచ్చే భాగంలో లేచొస్తాడు లేమ్మా అన్నాడు."

"బతికాడమ్మా," అన్నాను హుషారుగా.

"ఎట్ల బతికినాడో రోంత చదువు."

చదివాను. రాళ్ల సందులో గాలి ఆడిందట. లోపలినుంచి రాతిని కొడుతూనే ఉన్నాడట. మూడోరోజు సాయంత్రం ఊరివాళ్లు పైకి లాగారట.

"మూడో దినమా?" అంది ఆమె.

"మా బావి లోతు చేసేదానికి దిగినాడప్పా మా కొడుకు. మట్టి కూలింది. రెండో దినం పొద్దుగూకినాక, ఇంక ఉండడు, తవ్వేది చాలించండని నేనే చెప్పినా."

ఇదంతా కట్టుకథ అమ్మా, అట్లా ఎవరూ బతకరు అని చెబుతూనే ఉన్నాను. గార్లదిన్నెలో బండి ఆగింది. ఆమె దిగి, మళ్లీ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆయప్ప రాతిని కొట్టేది పైనోళ్లకు ఇనపడిందా?"

పైనున్నవాళ్ల సంగతి ఉన్న పేజీ ఆమెకింకా చదివి వినిపించలేదు. అందులో ఎవరికీ ఏ చప్పుడూ వినబడదు.

"వినబడిందమ్మా. ఊరందరికీ వినబడింది," అన్నాను.

"మాకేం ఇనపడల్యా," అంది. "మాకేం ఇనపడల్యా," అని తనకు తానే చెప్పుకుంటూ ఎండలోకి నడిచిపోయింది.