కాంపౌండరు తాతగారి బ్లూబెర్రీ

కాంపౌండరు తాతగారు పోయారని వాళ్లావిడ మామ్మ రాయించిన కార్డు నిన్న వచ్చింది. చోడవరంలో మాకు పక్కిల్లు వాళ్లది. ఆయన మంచితనం గురించి రాద్దామని కూర్చుంటే నా వెధవతనమే ముందుకొస్తోంది. రానీ.

ఆయన పనిచేసిన ఆస్పత్రిలో కెనడా డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. తన దేశం వెళ్లిపోతూ ఆయనకి కుండీలో బ్లూబెర్రీ మొక్క ఇచ్చింది. మట్టి పుల్లగా ఉండాలనీ, చల్లదనం తగలాలనీ, కాస్తే ఉత్తరం రాయమనీ చెప్పిందట. ఇక చూడండి! రోజూ చింతపండు నీళ్లు. మందుసీసాకి డోసుల కాగితం అంటించి, ఆ గీతల ప్రకారమే పోసేవారు. వేసవంతా అనకాపల్లి నుంచి బస్సులో, ఊకబస్తాలో ఐసుగడ్డ వచ్చేది.

"సెట్టుకి జలుబు సేస్తాది కాంపౌండరు గోరూ!" అని వీధంతా నవ్వేది.

"అది అడిగింది పెట్టాలి గానీ మనకి తోచింది కాదు" అనేవారాయన. అప్పటికే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆకుల్ని వేళ్లతో తడిమి చూసుకునేవారు.

రెండో ఏడు శీతాకాలంలో కాసింది. బుల్లి బుల్లి నల్లటి పళ్లు. వీధివాళ్లని పిలిచి తలా ఒకటి చేతిలో పెట్టారు. అందరూ తిని బాగుందన్నారు. నాకు ఎయిర్‌మెయిల్ కాగితం ఇచ్చారు.

"అమ్మలూ, కాలేజీ సదువుతన్నావు కదా, ఇంగ్లీషులో రాయి, పండు కాసిందని. అడ్రసు నాకు నోటికొచ్చు, సెప్తాను."

'డియర్ డాక్టరమ్మ' అని రాసి ఆగాను. బోటనీలో చేరిన పొగరు నాది.

"ఇది కామంచి తాతగారూ! మా గొడ్లసాల వెనక కలుపులో బోలెడుంది" అన్నాను.

ఒక్కరూ నవ్వలేదు. ఆయన నోటిదాకా తెచ్చుకున్న పండుని అరచేతిలోకి దించుకుని, "అలాగా అమ్మా" అన్నారు.

మామ్మ నన్ను దొడ్డిగుమ్మం దగ్గర పట్టుకుంది. "సీమ మొక్క ఎండలకి సచ్చిపోనాదే గుంటా. నానే కామంచి నాటేను. ఈదందరికీ తెలుసు. నీ నోరు పడిపోను, నీకొక్కదానికే ఆగలేదేటే?"

ఆ తేడా ఆయన వేళ్లకి తెలియలేదో, తెలిసినా నమ్మదలుచుకోలేదో! మామ్మని ఒక్కమాట అనలేదు, నన్నూ అనలేదు. కుండీ బోర్లించేశారు, అంతే. మళ్లీ ఏ మొక్కా వేయలేదు.

"ఆ కాగితం ఉంచుకో అమ్మలూ, పనికొస్తాది" అన్నారు. ఎప్పుడు కనబడినా చదువెలా సాగుతోందని అడిగేవారు. తిట్టి ఉంటే బాగుండేది.

కాగితం ఇన్నాళ్లూ నా ట్రంకుపెట్టెలోనే ఉంది. ఇవాళ తీసి, 'డియర్ డాక్టరమ్మ' కింద పండు కాసిందని రాశాను. మడిచి అతికించాను కూడా. అడ్రసు చెప్పడానికి ఆయన లేరు.