తాంబాళంలో పావు వంతు

షుగర్ దించుకోవడానికి మూడు నెలలు ఒక్క పూట కూడా తప్పకుండా నియమంగా తిని, ఉన్న షుగర్‌ను ఇంకా పెంచుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. నన్ను చూడండి. ఇందులో నా తప్పెంతో, దవాఖానలో ఇచ్చిన తిండి బొమ్మ గీసినవాళ్ల తప్పెంతో ఎనిమిదేళ్లయినా నాకు తేలలేదు. మీరే తేల్చండి.

మాది కట్టంగూరు దగ్గరి ఊరు. ఇక్కత్ చీరలు నేస్తాం. నాకు నలభై నాలుగేళ్లప్పుడు నల్లగొండలో ఒక దవాఖానలో రక్తం పరీక్ష చేసి, షుగర్ గీత దాటబోతోందన్నారు. మూడు నెలలు తిండి సరిచేసుకుని రమ్మన్నారు. దిగితే సరే, దిగకపోతే మందు గోళీలు.

ఇదంతా మా అత్తగారింట్లో పదిమంది భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పడం నా మొదటి పొరపాటు. అప్పటికే గోళీలు మింగుతున్న మా బామ్మర్ది వెంకటేశం, "నోరు కట్టుకునుడు నీతోని కాదు బావా. ఇయ్యాల్నే గోళీలు షురూ చెయ్యి," అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు తర్వాత నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మా చిన్నత్త రెండుసార్లు నవ్వింది. గోళీ ముట్టకుండా షుగర్ దించి చూపిస్తానని, పెరుగన్నం కలుపుతున్న చేత్తోనే ఒట్టు పెట్టాను.

దవాఖానలో తిండి సంగతులు చెప్పే మేడం ఒక కాగితం ఇచ్చింది. దాని మీద చిన్న పళ్లెం బొమ్మ. అందులో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పో గుడ్డో. మిగిలిన పావు అన్నమో రొట్టెనో. ప్రతి ముద్దా బాగా నమలమంది, జీర్ణం నోట్లోనే మొదలవుతుందట. అది కడుపు పని అనుకుని అన్నేళ్లు బతికిన నాకు అక్కడే తల తిరిగింది. ఆలుగడ్డ కూరగాయల వైపు రాదట, అన్నం వైపు పోతుందట. శనగలు పప్పు వైపట. మామిడికాయ తొక్కుకు ఏ వైపూ చోటు లేదట. తిరుగు బస్సులో నా భార్య సుగుణ, "నోట్లనే అరుగుడు మొదలైతే ఇగ కడుపేం చేస్తదయ్యా?" అని అడిగింది. నాకు తెలియదు కాబట్టి కిటికీలోంచి బయటికి చూశాను.

బొమ్మ మాత్రం నాకు బాగా అర్థమైంది. అదే నా కొంప ముంచింది. మా పనిలో డిజైన్ ఎప్పుడూ గళ్ల కాగితం మీద చిన్నగానే ఉంటుంది. కాగితం మీద వేలెడు ఏనుగు చీర కొంగు మీద జానెడు ఏనుగవుతుంది. సైజు మన ఇష్టం, పాళ్లు మాత్రం తప్పకూడదు. తప్పితే ఏనుగు పందయిపోతుంది. మరి పళ్లెం సైజు కూడా మన ఇష్టమే కదా?

నేను రోజూ తినే తల్లెలో పప్పు వచ్చి అన్నంలో కలిసిపోతోంది. డిజైన్ చెదిరిపోతోంది. అందుకని అటక మీది నుంచి మా పెళ్లినాటి ఇత్తడి తాంబాళం దించాను. దారంతో కొలిచి మేకుతో గీతలు గీశాను.

సుగుణ చాలాసేపు చూసింది. "గింత పెద్ద తాంబాళంల నువ్వొక్కనివే తింటవా?"

"తాంబాళం చూడకు, పాళ్లు చూడు. బొమ్మల ఎట్లుంటే గట్ల పెట్టు. మధ్యల నీ తెలివి కలపకు."

ఇరవై ఏళ్లుగా, రంగులో ముంచే ముందు నేను గీసినట్టే దారానికి ముడులు కట్టిన మనిషి. ఇంకో మాట అనలేదు. దాన్ని నేను గౌరవమనుకున్నాను.

ఇక తినడం చూడాలి. సగం తాంబాళం తోటకూర, బీరకాయ, ఆనపకాయ. మా ఇంటి ముందు కట్టేసిన మేక నన్ను పోటీదారును చూసినట్టు చూసేది. నమిలి నమిలి పగటి అన్నం ముగిసేసరికి సాయంత్రం చాయ్ వేళయ్యేది. నా కడుపులోని చప్పుడు విని పక్కింటివాళ్లు మగ్గం ఆడుతోందనుకునేవారు. రెండో నెలలో, నేసిన బట్ట చుట్టుకునే కర్ర నా పొట్టకు తగలసాగింది. మగ్గమే ముందుకు జరిగిందేమోనని గుంజలు ఊపి చూశాను. అవి గట్టిగానే ఉన్నాయి. ఆ వారమే వచ్చిన వెంకటేశం నన్ను చుట్టూ తిరిగి చూసి, "సన్నబడుడు గిట్లనే ఉంటదా బావా?" అన్నాడు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

మూడు నెలలు నిండాయి. దవాఖానకు పోయి మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ దిగకపోగా ఎక్కింది. నేను ఊరుకునే రకం కాదు. సాక్ష్యం కోసం పాత చీరలో చుట్టి తెచ్చిన తాంబాళాన్ని మేడం బల్ల మీద పెట్టాను. "గీత దాటిన మెతుకు లేదు మేడం. మీ బొమ్మనే తప్పు," అన్నాను.

మేడం తాంబాళాన్ని చూసింది, నా పొట్టను చూసింది. తర్వాత నా వెంట వచ్చిన సుగుణ వైపు తిరిగింది. "అన్నం ఎంత పెడుతున్నరమ్మా?"

"ఎప్పుడు పెట్టేటంతనే మేడం. ఈయన పాత తల్లె నిండ పెట్టి, తెచ్చి గీ పావుల బోర్లిస్త. సరిగ్గ సరిపోతది. పప్పు ఇంకో తల్లె. కూరలు రెండు తల్లెలు."

అంటే ఎప్పుడూ తినే అన్నం మెతుకు తగ్గకుండా తింటూ, దాని మీద మూడు తల్లెల పథ్యం చేశానన్నమాట.

"మరి ముందే ఎందుకు చెప్పలే?" అన్నాను.

"తెలివి కలపొద్దంటివి గద."

గోళీలు మొదలయ్యాయి. వెంకటేశం వారాల పేర్లు రాసి ఉన్న గోళీల డబ్బా ఒకటి కొని తెచ్చాడు. చేతికిస్తే సరిపోయేది. తువ్వాల, తమలపాకులు జోడించి, అదే తాంబాళంలో పెట్టి, వెంట తీసుకొచ్చిన అత్తగారింటివాళ్లంతా చూస్తుండగా రెండు చేతులతో అందించాడు. చిన్నత్త ఈసారి మూడుసార్లు నవ్వింది.

ఆ తాంబాళం మీద చెయ్యి వేసి అప్పుడే ప్రమాణం చేశాను. కొలత రాయని డిజైన్‌ను ఇక ఈ జన్మలో మగ్గానికి గానీ, మూతికి గానీ ఎక్కించను. ప్రమాణం విని సుగుణ, "ఎంత సైజు ప్రమాణమయ్యా ఇది?" అని అడిగింది.