లారీ బావ జాగ్రత్త, అమ్మమ్మ బీడీలు

నా చిన్నప్పుడు మా బాన్సువాడ వాడకట్టులో ఒక మహాయుద్ధం జరిగింది. చెప్పుకుంటూ పోతే పద్దెనిమిది పర్వాలు. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి జరిగింది ఇంతే: ఒక అక్క భయపడింది, ఒక బావ గొప్పలు చెప్పాడు, మా అమ్మమ్మ బీడీలు చుడుతూనే అతని నోరు మూయించింది. పర్వం ఒకటే. అది కూడా మధ్యాహ్నం రెండున్నరకల్లా అయిపోయింది. నాకిప్పుడు ముప్పై రెండేళ్ళు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని తెలుసు. అయితే ఇద్దరు పసిపిల్లలున్న ఇంట్లో ఒక్కో ఏడాదీ మూడేళ్ళలా గడుస్తుంది కాబట్టి, ఆ లెక్కన నేను ముసలిదాన్నే.

పక్కింటి అక్కకు అప్పటికి ఇరవై మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో రక్తం చాలా పోయింది. మూడేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదని, వస్తే ప్రాణానికి హామీ లేదని డాక్టరమ్మ చెప్పి పంపింది. చంటివాడికి అప్పుడే ఏడాది నిండింది. ఇంటింటికీ తిరిగే నర్సమ్మ మాత్రలు ఇవ్వబోతే అక్కది ప్రతిసారీ ఒకటే జవాబు: "వద్దమ్మా, మా ఆయన జాగ్రత్తగ ఉంటడు." మా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళందరిదీ అదే జవాబు. ఆ జాగ్రత్త అంటే రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకోవడం లాంటిదని నేననుకునేదాన్ని. సంభోగంలో వీర్యం పడకముందే భర్త బయటికి తప్పుకోవడమని పెద్దయ్యాక తెలిసింది. మా వాడకట్టులో అంతమంది పిల్లలు ఎందుకున్నారో కూడా అప్పుడే తెలిసింది.

ఆ ఎండాకాలం ఒక పొద్దున అక్క చాట ముందేసుకుని కూర్చుంది గానీ బీడీ చుట్టే తునికాకు కత్తిరించడం లేదు. కత్తెర చేతిలో ఉంది, చూపు గోడ మీద ఉంది. అమ్మమ్మ కాసేపు చూసి, "ఏందే, ఎన్ని దినాలైంది?" అంది.

"పన్నెండు" అంది అక్క.

నెలసరి రావలసిన రోజు దాటి పన్నెండు రోజులు. ఎవరూ గుండెలు బాదుకోలేదు. అందరూ ఇంకా బోలెడు బీడీలు చుట్టాల్సి ఉంది. అక్కకు ఏడ్చే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. చంటివాడి వైపు చూస్తూ, "నేను సస్తే వీళ్ళనెవరు సూస్తరు అమ్మమ్మా" అంది, అన్నంలోకి ఏం కూర వండాలి అని అడిగినంత నెమ్మదిగా.

అమ్మమ్మ చాట దించింది. పని మధ్యలో ఆవిడ చాట దించడం నేను చూసింది అదొక్కసారే. ముగ్గురం ఆటోలో సర్కారు దవాఖానకు పోయాం. చంటివాణ్ణి ఎత్తుకోవడానికి నేను. లైనులో గంటన్నర. చివరికి కడుపు కాదని తేలింది. ఒంట్లో రక్తం తక్కువై నెలసరి వెనకబడిందట. అది వినగానే అక్క గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. సంతోషం కూడా మనిషిని అంత అలిసిపోయేలా చేస్తుందని నాకు తెలియదు.

అక్కడి నర్సు కూడా అలిసిపోయే ఉంది, రోజూ ఇదే మాట చెప్పీ చెప్పీ. "ఏం లేనిదానికంటే మీ ఆయన జాగ్రత్త నయమే. కానీ ముందుగాలనే జరంత వీర్యం బయటికొస్తది, మొగోనికే తెల్వది. టైముకు తప్పుకునుడు కూడా ప్రతిసారీ అయితదా? అయిదు జంటలు ఏడాది పొడుగూత దాన్నే నమ్ముకుంటే, ఇంచుమించు ఒకామెకు కడుపైతది." అని అక్కకు రక్తం మాత్రలు, ఒక కండోముల పొట్లం ఇచ్చింది. మా అరుగు మీద కూర్చునేవాళ్ళు సరిగ్గా అయిదుగురు. ఆటోలో అక్క వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి అక్క భర్త వచ్చి ఉన్నాడు. మద్నూర్ మీదుగా మహారాష్ట్రకు లారీ నడిపేవాడు కాబట్టి మా పిల్లలందరికీ ఆయన లారీ బావ. కడుపు కాదని వినగానే మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలే? గంత లారీనే యాడ ఆపాల్నంటే ఆడ ఆపుత. గీడ ఆపుడు నాకు తెల్వదా?"

అమ్మమ్మ అప్పటికే మళ్ళీ బీడీలకు కూర్చుంది. తల ఎత్తకుండానే, ముందురోజు బాగాలేవని కార్ఖానాలో ఏరి తిప్పి పంపిన బీడీల పొట్లాన్ని కాలితో అతని ముందుకు తోసింది.

"గివి ఎవరు చుట్టిన్రు కొడకా?"

"నువ్వే గద."

"నలభై ఏండ్ల సంది చుడుతున్న. నాకంటే జాగ్రత్త చెయ్యి ఈ వాడకట్టుల ఉన్నదా?"

"లేదు."

"అయినా దినాం కొన్ని పాడైతనే ఉన్నయ్. బీడీలైతే ఏరి పారేస్తరు. గా పిల్ల పానం పోతే ఏం జేస్తవ్?"

నాటకంలో అయితే ఇక్కడ అతను ఆమె కాళ్ళ మీద పడాలి. మా బావ మెడ మీది చెమట తుడుచుకుని, అక్క చేతిలోని కండోముల పొట్లం తీసుకుని, లోపల అల్మారాలో పెట్టి వచ్చి, అన్నం పెట్టమన్నాడు. ఆ ఏడాది చివర్లో, ఒంట్లో రక్తం పెరిగాక, అక్క కాపర్ టీ వేయించుకుంది. అక్క ఇప్పటికీ బతికే ఉంది, మోకాళ్ళ నొప్పులతో సహా.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు మిగిలింది. ఎవరైనా "ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట" అంటే కాదనను. "దేంతో?" అని అడుగుతాను. పెళ్ళైన కొత్తలో మా ఆయన్నీ అడిగాను. పాపం, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మెడికల్ షాపు దాకా పోయి, అక్కడ తెలిసినవాళ్ళు కనపడితే దగ్గు మందు కొనుక్కుని వచ్చాడు. అంత అవస్థ అక్కర్లేదు. సర్కారు దవాఖానలో కండోములు, మాత్రలు ఊరికే ఇస్తారు. కాకపోతే పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నం దాటితే కిటికీ మూసేస్తారు.