ఇబ్రహీంపట్నంలో లడఖ్ గది

ప్లాటు కొందామని శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ పక్కనున్న ఇబ్రహీంపట్నం దాకా వెళ్లాను. ఆ ప్లాటు ఎలా ఉందో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నదల్లా దాని పక్కింటి పెరట్లో ఉన్న మట్టిగది. మూడు వైపులా గడ్డి దట్టించిన మట్టిగోడలు, దక్షిణం వైపు మాత్రం ఏటవాలుగా ఎండ దూరే పలుచని ప్లాస్టిక్ పట్టా.

"లడఖ్‌ల గిట్లనే కడ్తరు," అన్నాడు ఇంటాయన. ఆయన అక్కడ సైన్యంలో చేసి వచ్చాడట. "పొద్దంత గోడలు ఎండను తాగుతయ్, రాత్రి వేడి ఇడుస్తయ్. పొయ్యి లేకుంటనే గంత మంచుల పాలకూర పెరుగుతది."

లోపలికి తొంగిచూస్తే మొహానికి సెగ కొట్టింది. పాలకూర జాడ లేదు. మంచాల నిండా వడియాలు. చుట్టూ వెంచర్ల లారీల దుమ్ము కదా, బయట ఎండబెడితే ఇసుక నమలాల్సిందేనట. అందుకని ఆ వీధి ఆడవాళ్లందరి వడియాలూ అక్కడే ఎండుతున్నాయి.

"మరి పాలకూర ఏదండీ?" అన్నాను.

"జర చలి పడనియ్, గీ మంచాలన్ని తీసేసి ఇత్తనాలేస్త. గప్పుడొచ్చి చూడు," అన్నాడాయన, ఏమాత్రం తగ్గకుండా.

ఆయన భార్య వడియాలు తిరగేస్తూ తలెత్తకుండానే అంది: "చలి రావద్దని నేను మైసమ్మకు మొక్కిన బిడ్డా. వస్తే మా వడియాలు ఏడ పెట్టుకోవాలె?"