ఏదడిగినా ఉండాదనే రాయండి

మా ఊరి ఉన్నత పాఠశాల పిల్లల్లో చాలామంది తరచుగా మందు తాగుతారని ఒక పరిశోధన నివేదికలో రాశారు. అది అబద్ధం. ఆ అబద్ధం విని నా కొడుకు నా మనవరాలి చదువు ఆపేయబోయాడు.

నివేదిక రాసినావిడ నగరం నుంచి వచ్చిన పరిశోధకురాలు. ఎదిగే వయసు పిల్లలకు చెడు అలవాట్లు అంటకముందే, దిగులు ముదరకముందే ఊరంతా కలిసి వాళ్లను ఎలా కాచుకోవచ్చో చూడటం ఆమె పని. మంచి పనే, కాదనను. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెలు తిరుగుతూ మా బడికీ వచ్చింది. రేపు కాగితాలిస్తాను, పేర్లు రాయొద్దు, ఇంట్లో అడగొద్దు, నిజం రాయండి అని పిల్లలకు చెప్పి పోయింది. ఒకరోజు ముందు చెప్పడమే కొంప ముంచింది.

ఆ సాయంత్రమే నలుగురు తండ్రులు మా అరుగు దగ్గరికి వచ్చారు.

"ఏమప్పా పెద్దాయనా, బడిలో సర్వే రాసుకుంటారంట. పిల్లోళ్లను ఏం రాయమంటావు?"

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. గొర్రెలు కాస్తూ, సంతలో బొరుగులు కట్టిచ్చిన పాత పేపరు ముక్కల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. కానీ మా ఊరికి ఎన్ని కరువు సర్వేలు వచ్చాయో, ఎవరికి ఏం దక్కలేదో నాకు గుర్తున్నంతగా ఎవరికీ గుర్తులేదు. నా చిన్నప్పుడు శెనక్కాయ పంట నిలువునా ఎండిపోయిన ఏడాది, రాసుకోవడానికి వచ్చిన అధికారితో మా నాయన మర్యాదకు పోయి "పర్వాలేదు సారూ, తిండికి లోటు లేదు" అన్నాడు. ఆయన అదే రాసుకుపోయాడు. ఊరందరికీ సాయం వచ్చింది, మా ఇంటికి తప్ప. అప్పటి నుంచి మా ఊరు నేర్చుకున్న చదువు ఒకటే: రాసుకునేవాడు వస్తే కష్టం లేదనకూడదు.

"ఏదడిగినా ఉండాదనే రాయమనండి. లేదన్నోనికి ఏమీ రాదు" అన్నాను.

"పేర్లు రాయొద్దన్నారంటనే?"

"పేరు ల్యాకుంటే పథకం ఎవనికిస్తారప్పా? రాయమను."

పిల్లలు బుద్ధిమంతులు. చెప్పినట్టే చేశారు, ప్రతి ప్రశ్న కిందా ఉన్న జవాబుల్లో అన్నిటికన్నా పెద్దదే ఎంచుకున్నారు. మందు తాగుతావా? తరచుగా. సిగరెట్టు? తరచుగా. నిద్ర పట్టదా? తరచుగా. కొందరు పేరు కింద ఆధార్ నంబరు కూడా వేశారట!

ఆమెకు అనుమానం రావద్దా? మందు దుకాణం కావాలంటే మా ఊరి నుంచి ఉరవకొండకు పోవాలి. బస్సు రోజుకు రెండుసార్లు. ఇంతమంది పిల్లలు తరచుగా ఎట్ల పోయి వస్తారు? కాగితాలు లెక్కపెట్టుకుంది గానీ బస్సు వేళ కనుక్కోలేదు.

కొన్ని నెలల తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టరు ఆ నివేదికను మైకులో చదివాడు. నా కొడుకు ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు. ఉరవకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని నా మనవరాలు దరఖాస్తు నింపుకుంటోంది. ఆ కాగితం లాక్కున్నాడు.

"ఈడ నా కండ్ల ముందరే ఇట్ల చేస్తాంటే, ఆడ హాస్టల్లో ఇంకేం చేస్తావు?"

"నాయనా, తాతే అట్ల రాయమనినాడు" అంది పిల్ల ఏడుస్తూ.

"అవునురా, నేనే చెప్పినా."

"నువ్వు మనవరాలి కోసం ఏమైనా చెప్తావులే. ఆ మేడంను చెప్పమను, వింటా."

ఆ మేడంకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. రెండోది రాశాను, మూడోది రాశాను. ఆమె ఆఫీసుకు ఫోను చేస్తే ఎవరో కుర్రవాడు "పిల్లల వివరాలు గోప్యం సార్, చెప్పకూడదు" అన్నాడు. గోప్యమట! మైకులో చదివినప్పుడు ఎక్కడ దాక్కుందో ఆ గోప్యం.

దరఖాస్తుకు వారం గడువుంది. నాలుగో ఉత్తరంలో తిట్టడం మానేసి, మొదటి మూడింటిలో రాయని సంగతి రాశాను. పిల్లలకు ఆ మాట నేర్పింది నేనేనని. మా నాయన కథ రాశాను. బస్సు వేళలు కూడా రాశాను.

జవాబు వచ్చింది. నా కొడుకు గడపలో నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. దరఖాస్తు తెచ్చి పిల్ల చేతిలో పెట్టి "ఫోటో అంటించు పో" అన్నాడు. ఆ జవాబు ఇది:

"అయ్యా, మీ మొదటి మూడు ఉత్తరాల్లో నాకు తిట్లు దొరికాయి. నాలుగోదాంట్లో కారణం దొరికింది. ఆ కాగితాలు పట్టుకుని మీ ఊరి పిల్లలు మందు తాగుతారని చెప్పడానికి వీల్లేదు. నివేదికలో మీ బడి భాగం తీసేశాను, హెడ్మాస్టరు గారికీ రాశాను. అన్నిటికీ ఒకే జవాబు కనిపించినప్పుడే నేను ఆగి అడగాల్సింది. ఆ తప్పు నాది. కానీ ఒకటి ఆలోచించండి. ఆ పిల్లల్లో నిజంగానే నిద్ర పట్టని బిడ్డ ఒక్కరున్నా, మిగతా 'తరచుగా'ల కింద ఆ బిడ్డను మనమిద్దరం కలిసి దాచేశాం. అందుకే మళ్ళీ వస్తున్నాను. ఈసారి పిల్లలకు ముందురోజు చెప్పను. మీకు మాత్రం చెబుతాను. ఆ రోజు దయచేసి కదిరిలో చుట్టాలుంటే పోయి రండి."