తుపాకీ మూతికి నిమ్మకాయ

నా పాయింట్ టూ టూ రైఫిలుకు గొట్టం మార్చక తప్పదని చిత్తూరులో తుపాకీలు బాగుచేసే మేస్త్రీ చెప్పినప్పుడు నేను పొంగిపోయాను. వస్తువు పాడైందంటే అంత సంబరపడే మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు.

దసరా అయినప్పటి నుంచీ నా తూటాలు టార్గెట్ కాగితం మీద వడ్లు చల్లినట్టు పడుతున్నాయి. తిరుపతి అవతలున్న మా క్లబ్బులో బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని నల్లచుక్కను కొట్టడం నాకు ఇరవై ఏళ్ల వ్యసనం. జిల్లా జట్టులో నాకో చోటుంది, దాని మీద క్లబ్బులో సగం మందికి కన్నుంది. ముందు తూటాలు మార్చాను. తర్వాత గాలిని తిట్టాను. కళ్లద్దాలూ మార్చాను. చివరికి నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన మా కోచ్ మహా మర్యాదగా అన్నాడు.

"చెయ్యి వణకతా ఉండాదేమో సూసుకోన్నా."

ఈ గొట్టంగాడా నాకు చెప్పేది అనుకున్నాను. అనుకుంటూనే ఇంటికొచ్చి, నిండా నీళ్లున్న గ్లాసు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. నీళ్లు కదిలాయో, నాకలా అనిపించిందో తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. బడిలో లెక్కలు చెప్పుకుని బతికే నాకు, ఆ నల్లచుక్క ముందు పడుకున్న గంటలోనే నా మీద నాకు గౌరవం. అది పోతే ఇక మిగిలేది ఏడో తరగతి భిన్నాలు.

ఆ భయంతోనే రైఫిలు సంచిలో పెట్టుకుని చిత్తూరు బయల్దేరాను. చెల్లెలింటికి పోవాలని నా భార్య కూడా వచ్చింది. మేస్త్రీ ముందు లైసెన్సు చూశాడు, తర్వాత రైఫిలు చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. గొట్టం కొసన గురి చూసుకునే సైటు గూట్లోంచి సూదితో ఏదో గీరి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఎండిపోయిన నిమ్మగింజ.

ఆయుధపూజకి మూతికి నిమ్మకాయ గుచ్చినారా అని అడిగాడు.

మా వైపు ఆ రోజు కత్తిపీట నుంచి స్కూటరు దాకా పసుపూ కుంకుమా పడని ఇనుము ఉండదు. బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కిస్తాం. రైఫిలుకు చక్రం లేదు కాబట్టి మూతికే గుచ్చి, రెండు రోజులు తీయడం మరిచిపోయాను. ఆ పులుపు గొట్టం అంచును కొరికేసింది. తుప్పు లోపలికి కూడా పాకింది కాబట్టి అంచు కోసి సరిచేసే వీలు లేదు. తూటా బయటికొచ్చే చోట అంచు సమంగా లేకపోతే ఎవడు గురిపెట్టినా పక్కకే పోతుంది.

నేనే గుచ్చానని ఒప్పుకుంటే అయిపోయేది. నా నోరు ఊరుకోలేదు.

"ఇంట్లో ఆడోళ్లు పూజ చేసినారప్పా. వాళ్లకేం తెలస్తాది?"

మా ఇంట్లో ఆడవాళ్లంటే ఒక్కరే. ఆమె నా వెనక బెంచీ మీద కూర్చుని ఉంది.

మేస్త్రీ దగ్గర రెండు గొట్టాలున్నాయి. ఒకటి కొత్తది, లావుపాటిది, పెళ్లికొడుకులా మెరుస్తోంది. రెండోది ఆట మానేసిన వాళ్లెవరిదో, సన్నగా, మసకగా ఉంది. నా చెయ్యి నేరుగా పెళ్లికొడుకు మీదికే పోయింది. ఆయన ఆపి, మెత్తటి సీసం గుండును ఒక్కోదాంట్లో పెట్టి, కళ్లు మూసుకుని కడ్డీతో మెల్లగా తోయమన్నాడు. కొత్తదాంట్లో గుండు బిగుతుగా కదిలి, నడుమ ఒకచోట జర్రున జారింది. పాతదాంట్లో మొదటి నుంచీ ఒకటే బిగువు, మూతి దగ్గర ఇంకాస్త ఎక్కువ. మార్చి మార్చి తోశాను. కొత్తది ప్రతిసారీ అదే చోట జారింది. అలా నడుమ పట్టు వదిలే గొట్టం గురి నిలపదు. పాతదే కావాలన్నాను.

"నడుమ జారేది శానామందికి తెలీదు. చెయ్యి వణికేవాడికి అసలే తెలీదు," అన్నాడు మేస్త్రీ. "నీ చేతికి ఏ రోగమూ లేదప్పా. రోగమంతా గొట్టానిదే."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిరుగుబస్సులో ఆ ఆనందాన్నంతా నా భార్యకే చెప్పుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తప్పు నాదని నేను అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అనాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది.

కొత్తగా బిగించిన ఆ పాత గొట్టంతో మొదటిరోజు కొట్టిన పది తూటాలూ రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. కోచ్ కాగితం చూసి గొట్టాన్ని మెచ్చుకున్నాడు. జట్టులో నా చోటు నాకే మిగిలింది.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. నా భార్య రైఫిలు చెక్క మీద వేలితో చిన్న బొట్టు పెట్టింది, గొట్టం జోలికి పోలేదు. తర్వాత పళ్లెంలోంచి ఒక నిమ్మకాయ తీసి నాకు అందించింది.

"ఈసారి తుపాకీకి వద్దు. ఇంగ నీ మూతికి పెట్టుకో."

అందుకున్నాను. చెయ్యి వణికింది.